సహారా దాటాలా, సహారా చూడాలా? ఏ దారి ఎవరికి సరిపోతుంది

సహారా ట్రిప్ అనగానే చాలామంది ముందు బండి గురించి ఆలోచిస్తారు. ఫోర్ వీల్ డ్రైవ్ ఉండాలా, మామూలు కారు సరిపోతుందా, ఎన్ని డబ్బాల డీజిల్ మోసుకెళ్లాలి, ఇలాంటివి. వాటికి జవాబులు తర్వాత తీరిగ్గా వెతుక్కోవచ్చు. ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి: ఏ బోర్డర్ తెరిచి ఉంది, ఆ బోర్డర్‌లో మీ పాస్‌పోర్టు మీద స్టాంపు పడుతుందా. సహారాలో మనుషుల్ని ఇసుక ఆపేది తక్కువ. చెక్‌పోస్టులే ఎక్కువగా ఆపుతాయి.

దాదాపు 92 లక్షల చదరపు కిలోమీటర్ల ఎడారి ఇది. మన దేశం లాంటివి రెండు పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. ఉత్తరం నుంచి దక్షిణానికి రోడ్డు మీద దాటడానికి మ్యాపులో అరడజను గీతలు కనిపిస్తాయి. ఇది రాసే నాటికి వాటిలో మామూలు ప్రయాణికుడు సొంతంగా, పెద్ద టెన్షన్ లేకుండా వెళ్లగలిగే దారి ఒక్కటే: అట్లాంటిక్ తీరం వెంబడి మొరాకో నుంచి మౌరిటేనియా మీదుగా సెనెగల్ వెళ్లేది. మిగతావి ఎందుకు కుదరవో ముందు చెప్పేస్తాను. లేకపోతే "ఇటునుంచి అటు షార్ట్‌కట్ ఉంది కదా" అన్న ఆశ వదలదు.

మ్యాపులో ఉన్న దారులు

తూర్పున ఈజిప్టు–సూడాన్ దారి ఉంది. ఒకప్పుడు అస్వాన్ నుంచి వాదీ హల్ఫాకు నాసర్ సరస్సు మీద పడవే దిక్కు. 2014లో కుస్తుల్ దగ్గర రోడ్డు బోర్డర్ తెరిచారు, ఆ తర్వాత అర్గీన్ దగ్గర ఇంకొకటి. దాంతో కైరో నుంచి కేప్ టౌన్ దాకా వెళ్లేవాళ్లకు ఇదే రాజమార్గమైంది. 2023 ఏప్రిల్ 15న సూడాన్‌లో యుద్ధం మొదలయ్యాక ఆ కథ ముగిసింది. అప్పుడు మన ప్రభుత్వం ఆపరేషన్ కావేరి పేరుతో భారతీయులను పోర్ట్ సూడాన్ నుంచి జెడ్డా మీదుగా ఇంటికి చేర్చింది. వచ్చినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ బోర్డర్ ఇప్పుడు ప్రాణాలు దక్కించుకోవడానికి పారిపోయేవాళ్లది. అటు టూర్ ప్లాన్ వేయడం పద్ధతి కాదు.

మధ్యలో లిబియా నుంచి చాద్‌కు, నైజర్‌కు వెళ్లే దారులున్నాయి. బంగారు గనులు, స్మగ్లింగ్, సాయుధ ముఠాలు ఉన్న ప్రాంతం. ఒక్క మాటలో వద్దు.

అల్జీరియా నుంచి నైజర్‌కు వెళ్లే హొగ్గార్ దారి మీద మోజు ఇప్పటికీ చాలామందికి ఉంది. అల్జీర్స్ నుంచి నైజీరియాలోని లాగోస్ దాకా వేసే ట్రాన్స్ సహారా హైవే ఇటే పోతుంది. తమన్‌రాసెట్ దాకా తారు రోడ్డు, అక్కడి నుంచి సుమారు 400 కిలోమీటర్లు దిగితే ఇన్ గెజ్జామ్, బోర్డర్ దాటితే అస్సామాకా, ఆ కింద అర్లిత్, అగాదెజ్. 1970, 80లలో యూరప్ కుర్రాళ్లు పాత పెజో కార్లలో ఈ దారినే వచ్చి, ఆ కార్లను పశ్చిమ ఆఫ్రికాలో అమ్ముకుని విమానంలో వెనక్కి పోయేవారు. 1990లలో అల్జీరియా అంతర్యుద్ధంతో ఈ రాకపోకలు తెగిపోయాయి. 2003లో దక్షిణ అల్జీరియాలో 32 మంది యూరప్ టూరిస్టులను తీవ్రవాదులు ఎత్తుకెళ్లారు. ఆ తర్వాత దక్షిణాదిలో గైడ్, ఏజెన్సీ లేకుండా విదేశీయుల్ని తిరగనివ్వడం మానేశారు. అవతల నైజర్‌లో 2023 జూలై 26న సైనిక తిరుగుబాటు జరిగింది. అల్జీరియా బయటికి పంపేసే వలస కూలీలను దింపేది కూడా ఈ అస్సామాకా దగ్గరే, ఊరికి పదిహేను కిలోమీటర్ల అవతల ఎడారిలో. అక్కడి నుంచి వాళ్లు నడిచి రావాలి.

ఇంకొంచెం పడమరగా తనెజ్‌రూఫ్త్ అనే ఎడారి దారి ఉంది. రెగ్గాన్ నుంచి బోర్జ్ బాజీ మొఖ్తార్ దాకా సుమారు 650 కిలోమీటర్లు నీటి చుక్క కనిపించదు. అది దాటితే ఉత్తర మాలీ. అక్కడ 2012 నుంచి యుద్ధమే. మాలీ గురించి మనవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2025 జూలైలో కాయెస్ ప్రాంతంలోని ఒక సిమెంట్ ఫ్యాక్టరీలో పనిచేస్తున్న ముగ్గురు భారతీయులను సాయుధులు ఎత్తుకెళ్లారు. వాళ్లలో ఒకరు తెలుగువారు. కాయెస్ సహారా నడిబొడ్డున లేదు, సెనెగల్ బోర్డర్ పక్కన ఉన్న ప్రాంతం. అదే ఏడాది సెప్టెంబర్ నుంచి తీవ్రవాదులు మాలీ రాజధాని బమాకోకు వచ్చే డీజిల్, పెట్రోల్ ట్యాంకర్లను అడ్డుకోవడం మొదలుపెట్టారు. అందుకని మౌరిటేనియా నుంచి మాలీలోకి దిగే దారిని కూడా లెక్కలోంచి తీసేయండి.

అల్జీరియాలోని తిందూఫ్ నుంచి మౌరిటేనియాలోని జువేరాత్‌కు 2018లో ఒక బోర్డర్ తెరిచారు. 2024 ఫిబ్రవరిలో ఇద్దరు దేశాధ్యక్షులూ వచ్చి అక్కడ కొత్త పోస్టులు ప్రారంభించారు. జువేరాత్ దాకా సుమారు 840 కిలోమీటర్ల రోడ్డు పని కూడా మొదలైంది. ముందు ముందు ఇదే రెండో ప్రధాన దారి కావచ్చు. ఇప్పటికి మాత్రం అది సరుకుల లారీలు, సైన్యం తిరిగే దారి.

ఇంకో మాట. మ్యాపు ముందు పెట్టుకుని మొరాకో, అల్జీరియా రెండూ కలిపి ఒక రౌండ్ వేసేద్దామని చాలామంది అనుకుంటారు. ఆ రెండు దేశాల మధ్య రోడ్డు బోర్డర్ 1994 నుంచి మూతపడే ఉంది. మొరాకో నుంచి అల్జీరియా వెళ్లాలంటే స్పెయిన్‌కు ఫెర్రీ ఎక్కి, మళ్లీ అక్కడి నుంచి ఒరాన్‌కో అల్జీర్స్‌కో ఇంకో ఫెర్రీ ఎక్కాలి. లేదంటే ట్యునీషియా వైపు నుంచి రావాలి. ఇదొక్కటి ముందే తెలిస్తే సగం ప్లాన్లు అక్కడే సరిదిద్దుకోవచ్చు.

అట్లాంటిక్ దారి: పేరుకు సహారా, పక్కనే సముద్రం

ఇక అసలు దారి. టాంజియర్ నుంచి మౌరిటేనియా గేటు దాకా రెండు వేల కిలోమీటర్లకు పైనే. అగాదిర్ దాటాక ఊళ్లు పలచబడతాయి. టాన్ టాన్, తర్ఫాయా, లాయూన్, బూజ్దూర్, దఖ్లా. మొత్తం తారు రోడ్డే, మామూలు కారు చాలు. మొరాకో కూరగాయలను పశ్చిమ ఆఫ్రికాకు మోసే లారీలు రోజంతా తిరుగుతూనే ఉంటాయి, కాబట్టి బండి ఆగిపోయినా ఒంటరిగా ఉండిపోరు.

ఒక నిజం ముందే చెప్పాలి. ఈ దారిలో మీరు ఊహించుకున్న బంగారు రంగు తిన్నెలు అక్కడక్కడే కనిపిస్తాయి. ఎక్కువ భాగం చదునైన రాతి నేల, ఒక పక్క కొండచరియ, కింద సముద్రం, హోరుగాలి. మొత్తం సహారాలోనే ఇసుక తిన్నెలు పావు వంతు మాత్రం ఉంటాయి. తిన్నెల కోసమే ఇంత దూరం వస్తున్నవాళ్లు ఈ దారిలో విసిగిపోతారు. నేల మీద నుంచి ఒక ఖండాన్ని దాటాలన్న కోరిక ఉన్నవాళ్లకు ఇది బాగుంటుంది. అరబ్బీ ఊళ్లు, తర్వాత ఎడారి, తర్వాత ఒక నది, నది దాటగానే మనుషులు, భాష, తిండి, రంగులు అన్నీ మారిపోవడం విమానంలో వెళ్తే తెలియదు.

అగాదిర్‌కు దక్షిణంగా కొంత దూరం పోయాక మీరు పశ్చిమ సహారాలో ఉంటారు. ఐక్యరాజ్యసమితి లెక్కలో ఇది ఇంకా స్వపరిపాలన లేని ప్రాంతం. పాలిస్తున్నది మొరాకో. తూర్పు వైపు సుమారు 2,700 కిలోమీటర్ల ఇసుక గోడ ఉంది, దాని అవతల పశ్చిమ సహారా స్వాతంత్ర్యం కోసం పోరాడే పొలిసారియో దళాలు. మొరాకో నుంచి ఇందులోకి వచ్చేటప్పుడు బోర్డర్ అంటూ ఏమీ కనిపించదు, స్టాంపు పడదు. పోలీసు చెక్‌పోస్టులు మాత్రం పెరుగుతాయి. ప్రతి చోటా పేరు, పాస్‌పోర్టు నంబరు, వృత్తి, ఎక్కడి నుంచి ఎక్కడికి అని రాసుకుంటారు. ఇవన్నీ ఒక కాగితం మీద ఫ్రెంచిలో టైపు చేయించి ముప్పై కాపీలు తీసి పెట్టుకోండి. దాన్ని అక్కడ ఫీష్ అంటారు. ఒకటి చేతిలో పెడితే రెండు నిమిషాల్లో వదిలేస్తారు. ఇవే మౌరిటేనియాలోనూ పనికొస్తాయి. వృత్తి దగ్గర జర్నలిస్టు అని రాశారో, ప్రశ్నలు చాలానే వస్తాయి. రాజకీయాల గురించి మాట్లాడకుండా ఉంటే మేలు.

రోడ్డు దిగి తూర్పు వైపు పోవద్దు. ప్రపంచంలో మందుపాతరలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఇదొకటి.

దఖ్లా ప్రధాన రోడ్డు మీద ఉండదు. సముద్రంలోకి చొచ్చుకుపోయిన సన్నటి నేల చివరన, రోడ్డు నుంచి నలభై కిలోమీటర్లు పక్కకు ఉంటుంది. తొందరలో ఉన్నవాళ్లు వదిలేస్తారు. నా సలహా: వదలొద్దు. ఒక రోజు ఆగి బట్టలు ఉతుక్కుని, బండి చూపించుకుని, కడుపు నిండా చేప తిని బయలుదేరండి. అక్కడి నుంచి బోర్డర్‌కు ఇంకో 350 కిలోమీటర్లకు పైనే ఉంది.

గెర్‌గెరాత్ గేటు

మొరాకో చివరి పోస్టు పేరు గెర్‌గెరాత్. ఈ దారి మొత్తానికి నిజమైన పరీక్ష ఇదే. అందుకే ముందు రోజు రాత్రి బోర్డర్‌కు దగ్గర్లోనే, బీర్ గందూజ్ ప్రాంతంలో ఆగి, పొద్దున్నే లైన్లో నిలబడాలి. మొరాకో వైపు పోలీసు స్టాంపు, కస్టమ్స్‌లో బండి తాత్కాలిక దిగుమతి కాగితం రద్దు చేయించడం, స్కానర్‌లోంచి బండి పోనివ్వడం. వీటికే రెండు మూడు గంటలు పట్టవచ్చు.

అక్కడి నుంచి మౌరిటేనియా పోస్టు దాకా కొద్ది కిలోమీటర్ల నేల ఎవరిదీ కాదు. దానికి డ్రైవర్లు పెట్టిన పేరు కాందహార్. చాలా ఏళ్లు అది రోడ్డు లేని రాతి దిబ్బ, రెండు పక్కలా కాలిపోయిన కార్ల అస్థిపంజరాలు. 2020 అక్టోబర్‌లో పొలిసారియో మద్దతుదారులు ఈ దారిని మూసేశారు. లారీలు మూడు వారాలు ఇరుక్కుపోయాయి. నవంబర్ 13న మొరాకో సైన్యం వచ్చి దారి తెరిపించింది. అప్పటికి 29 ఏళ్లుగా ఉన్న కాల్పుల విరమణ దాంతోనే తెగింది. ఆ తర్వాత దారికి చాలావరకు తారు పడింది. అయినా పక్కకు దిగకండి. మూత్రం వచ్చినా సరే, ఫొటో బాగుంటుందనిపించినా సరే. మందుపాతరలు అక్కడా ఉన్నాయి.

మౌరిటేనియా వైపు ముందు వీసా. 2025 జనవరి నుంచి ఈ-వీసా పద్ధతి వచ్చింది, ముందే ఆన్‌లైన్‌లో అప్లై చేసి అనుమతి తెచ్చుకోవాలి. బోర్డర్‌లో వేలిముద్రలు, ఫొటో, డబ్బు కట్టడం ఉంటాయి. యూరోలు నోట్ల రూపంలో ఉంచుకోండి. తర్వాత పోలీసు, కస్టమ్స్, బండికి ఇన్సూరెన్స్. సాయం చేస్తామని కుర్రాళ్లు వెంటపడతారు. ఫ్రెంచి, అరబ్బీ ఏదీ రాకపోతే ఒకరిని పెట్టుకోవడంలో తప్పు లేదు, కానీ రేటు ముందే మాట్లాడుకోవాలి. పాస్‌పోర్టు మాత్రం మీ చేతిలోంచి ఆఫీసరు చేతిలోకే వెళ్లాలి. మధ్యలో ఎవరికీ ఇవ్వొద్దు.

బండిలో మందు సీసా ఉందా? మౌరిటేనియాలో నిషేధం, వెతుకుతారు. దఖ్లాలోనే వదిలించుకోండి.

డబ్బు విషయంలో ఒక తిరకాసు. 2018లో మౌరిటేనియా తన కరెన్సీ ఒగియా నుంచి ఒక సున్నా తీసేసింది, అంటే పది పాత ఒగియాలు ఒక కొత్త ఒగియా. కానీ బజారులో చాలామంది ఇప్పటికీ పాత లెక్కలోనే ధర చెబుతారు. రెండు వేలు అంటే గుండె ఆగినంత పని అవుతుంది, తీరా చూస్తే రెండు వందలే. ఏ లెక్కలో చెబుతున్నారో అడిగి తెలుసుకున్నాకే బేరం మొదలుపెట్టాలి.

గేటు నుంచి నువాదిబూ దగ్గరే. అక్కడి నుంచి రాజధాని నువాక్‌షోట్‌కు సుమారు 470 కిలోమీటర్లు. 2000ల మధ్యలో తారు రోడ్డు పూర్తయ్యే దాకా బండ్లు సముద్రం వెనక్కి తగ్గిన వేళ చూసుకుని, గైడ్‌ను ఎక్కించుకుని, తడి ఇసుక మీద పరుగెత్తేవి. లెక్క తప్పితే అలలు బండిని మింగేసేవి. ఇప్పుడు ఒక పగటిపూటలో వెళ్లిపోవచ్చు. రాత్రి నడపకండి. రోడ్డు మీద ఒంటెలు పడుకుంటాయి, గాలికి ఇసుక నాలుకలు చాపినట్టు తారు మీదికి వస్తుంది.

సొంత బండా, షేర్ టాక్సీనా?

యూరప్‌లో ఉంటున్న తెలుగువాళ్లకు సొంత కారు తీసుకెళ్లడం కుదిరే పని. స్పెయిన్‌లోని అల్హెసీరాస్ నుంచి ఫెర్రీ ఎక్కితే టాంజియర్ మెడ్ రేవు. ఇన్సూరెన్స్ వాళ్ల గ్రీన్ కార్డులో (బయటి దేశాల్లో చెల్లే ఇన్సూరెన్స్ పత్రం) మొరాకో ఉందో లేదో చూసుకోండి, లేకపోతే రేవులోనే బోర్డర్ ఇన్సూరెన్స్ కొనుక్కోవచ్చు. కారు లీజుదైనా, కంపెనీదైనా, భార్య పేరు మీదున్నా, యజమాని ఇచ్చిన అనుమతి పత్రం నోటరీతో సహా ఉండాలి. మొరాకో కస్టమ్స్ ఈ విషయంలో మొహమాటపడదు. మొరాకోలో అద్దెకు తీసుకున్న కారుతో మౌరిటేనియా దాటనివ్వరు, ఆ ఆలోచన మానుకోండి.

ఇండియా నుంచి సొంత బండి పంపాలంటే ఓడ ఖర్చుతో పాటు కార్నె అనే కస్టమ్స్ పుస్తకం సంగతి వస్తుంది. మన దేశంలో దాన్ని ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ ఇస్తుంది. బండి విలువను బట్టి గ్యారంటీ కట్టాలి. మొరాకో, మౌరిటేనియాలకు కార్నె అక్కర్లేదు. సెనెగల్ ఎనిమిదేళ్లు దాటిన బండ్లకు అడుగుతుంది. ఈజిప్టు అన్నిటికీ అడుగుతుంది. ఈ ఒక్క దారి కోసం హైదరాబాద్ నుంచి బండి పంపడం నా లెక్కలో దండగ. ఆఫ్రికా మొత్తం తిరిగే ఉద్దేశం ఉంటే అది వేరే విషయం.

బండి లేనివాళ్లు నిరాశ పడనక్కర్లేదు. దఖ్లా దాకా సీటీఎం, సుప్రాతూర్ బస్సులు శుభ్రంగా, టైముకు తిరుగుతాయి. దఖ్లా నుంచి నువాదిబూకు షేర్ టాక్సీలు, మినీ బస్సులు దొరుకుతాయి. వాటి డ్రైవర్లు రోజూ ఆ గేటు దాటేవాళ్లు, ఏ కిటికీ దగ్గర ముందు నిలబడాలో వాళ్లకు కొట్టిన పిండి. మొదటిసారి వెళ్లేవాళ్లకు, అందులోనూ ఒక్కరే వెళ్లేవాళ్లకు నేను బస్సు, షేర్ టాక్సీనే చెబుతాను. కస్టమ్స్ గొడవ సగానికి సగం తగ్గుతుంది. బండి ఉంటే దక్కేదల్లా ఎక్కడపడితే అక్కడ ఆగే స్వేచ్ఛ, కానీ మందుపాతరల నేలలో ఆ స్వేచ్ఛ ఎలాగూ సగమే.

సైకిల్ మీద వెళ్లేవాళ్లూ చాలామంది ఉన్నారు. వాళ్లకు ఒకటే నియమం: ఉత్తరం నుంచి దక్షిణానికే రావాలి. ఈ తీరంలో గాలి ఏడాదిలో ఎక్కువ భాగం ఉత్తరం నుంచి వీస్తుంది. వెనక నుంచి తోస్తే రోజుకు నూట యాభై కిలోమీటర్లు నవ్వుతూ తొక్కవచ్చు. అదే ఎదురైతే పెడల్ మీద కూర్చుని ఏడవడమే.

నది దగ్గర రోస్సోనా, దియామానా?

సెనెగల్ నది దాటడానికి రెండు చోట్లున్నాయి. ఇక్కడ తేడా చాలా స్పష్టం.

రోస్సో ప్రధాన రోడ్డు మీద ఉంది. ఫెర్రీ ఎక్కాలి. 2021లో వంతెన పని మొదలుపెట్టారు, మీరు వెళ్లేనాటికి దాని సంగతి కనుక్కోండి. పశ్చిమ ఆఫ్రికాలో దళారుల బెడదకు బాగా పేరుమోసిన రేవుల్లో ఇదొకటి. బండి ఆపగానే నలుగురు తలుపు పట్టుకుంటారు, ఒకడు ఇన్సూరెన్స్ అంటాడు, ఇంకొకడు ఊరి పన్ను అంటాడు, మూడోవాడు ఏమంటున్నాడో తెలిసేలోగా మీ పాస్‌పోర్టు వాడి చేతిలో ఉంటుంది. బ్యాగు తగిలించుకుని కాలినడకన వెళ్లేవాళ్లకు ఇంత బాధ ఉండదు, చిన్న పడవలో నిమిషాల్లో అవతలికి చేరి షేర్ టాక్సీ ఎక్కేయవచ్చు.

దియామా దగ్గర నది మీద ఆనకట్ట ఉంది, దాని మీదుగానే బండి పోతుంది. అక్కడికి చేరే మట్టి రోడ్డు దియావ్‌లింగ్ నేషనల్ పార్కు గుండా సాగుతుంది. దారి పొడుగునా కొంగలు, పెలికాన్లు, అడవి పందులు. పార్కు రుసుము, ఆనకట్ట రుసుము కట్టాలి. బండి ఉంటే దియామాకే వెళ్లండి, ఇందులో ఆలోచించడానికేమీ లేదు. వాన పడితే మాత్రం ఆ మట్టి రోడ్డు బురద గుంట అవుతుంది. జూలై నుంచి అక్టోబర్ మధ్య రోస్సో తప్పకపోవచ్చు.

తిన్నెలే కావాలంటే

సహారా అంటే మీ మనసులో ఉన్నది ఇసుక, నిశ్శబ్దం, నక్షత్రాలే అయితే దేశాలు దాటడం మానేసి ఒక్క దేశంలో లోపలికి వెళ్లడమే మంచిది. మూడు చోట్లు చెబుతాను.

పిల్లలతో వారం రోజుల సెలవు మీద వచ్చేవాళ్లకు మొరాకోలోని మెర్జూగా చాలు. మర్రాకేష్ నుంచి 560 కిలోమీటర్ల రోడ్డు. దాదాపు నూట యాభై మీటర్ల ఎత్తు తిన్నెలు, ఒంటె సవారీ, టెంటులో మంచాలు, వేడినీళ్లు. జనం కూడా బాగానే ఉంటారు. అదే మొరాకోలో ఇంకొంచెం ఏకాంతం కావాలంటే మ్హామిద్ దాటి చిగాగా తిన్నెలకు వెళ్లాలి. దానికి ఫోర్ వీల్ డ్రైవ్ ఉండాల్సిందే.

అల్జీరియాలోని జానెత్ చూసినవాళ్లు మిగతా సహారా గురించి మాట్లాడడం తగ్గిస్తారు. అక్కడి తస్సిలీ నజ్జెర్ పీఠభూమి మీది రాతి చిత్రాలు 1982 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి. ఇప్పుడు చుక్క నీరు లేని చోట పశువుల మందలు, ఈతగాళ్లు, జిరాఫీలు బొమ్మల్లో కనిపిస్తాయి. ఇక్కడ తిన్నెల మధ్య నుంచి ఎర్ర రాతి స్తంభాలు పైకి లేస్తాయి. షరతు ఒకటే, గుర్తింపు ఉన్న ఏజెన్సీ ద్వారానే రావాలి. దక్షిణానికి వచ్చే టూరిస్టులకు 2023 నుంచి ఏజెన్సీ కాగితాలతో దిగిన చోటే వీసా ఇచ్చే పద్ధతి పెట్టారు. అంతకుముందు వీసా కోసం పడ్డ తిప్పలతో పోలిస్తే ఇది చాలా నయం. ఇద్దరే వెళ్తే బండి, డ్రైవరు, వంటవాడు, గైడు అందరి ఖర్చూ మీ మీదే పడుతుంది. నలుగురైదుగురు కలిస్తే తేలికవుతుంది. బైనాక్యులర్లు తీసుకెళ్లొద్దు, అల్జీరియా కస్టమ్స్ లాక్కుంటుంది.

మూడోది మౌరిటేనియాలోని అద్రార్. నన్ను ఒక్కటే ఎంచుకోమంటే ఇదే. నువాక్‌షోట్ నుంచి అతార్‌కు సుమారు 430 కిలోమీటర్ల తారు రోడ్డు. అతార్‌లో డ్రైవర్‌తో సహా ఫోర్ వీల్ బండి మాట్లాడుకుంటే షింగెత్తి, వదాన్, తెర్జిత్ ఒయాసిస్ అన్నీ తిప్పుతారు. షింగెత్తిలో తరతరాలుగా కుటుంబాలు దాచుకున్న పాత అరబ్బీ రాతప్రతుల లైబ్రరీలున్నాయి. ఇసుక ఊరి గోడల దాకా వచ్చి కూర్చుంది. వదాన్ దాటితే రిషాత్, సహారా కన్ను అంటారు, నలభై కిలోమీటర్ల వెడల్పు వలయాలు. దగ్గరికి వెళ్తే పెద్దగా ఏమీ కనిపించదు, అది ఆకాశం నుంచి చూడాల్సింది, దాని కోసం రోజంతా ఖర్చు పెట్టకండి. అల్జీరియాలోలా పోలీసు ఎస్కార్టు ఉండదు, ఖర్చూ తక్కువ. మౌరిటేనియాలో 2011 తర్వాత టూరిస్టులను భయపెట్టే పెద్ద తీవ్రవాద దాడి జరగలేదు. అయినా మాలీ బోర్డర్ వైపున్న తూర్పు, ఆగ్నేయ ప్రాంతాలు ఇప్పటికీ ఎర్ర జోన్లే, అటు వద్దు.

జువేరాత్ నుంచి నువాదిబూకు 704 కిలోమీటర్లు నడిచే ఇనుప ఖనిజం రైలు గురించి వీడియోల్లో చూసే ఉంటారు. రెండు కిలోమీటర్లకు పైగా పొడవుండే ఆ రైలు పెట్టెల్లో ఖనిజం మీద కూర్చుని వెళ్లడం ఈమధ్య దాకా ఓ ఫ్యాషన్. ఇప్పుడు టూరిస్టులను దింపేస్తున్నారన్న మాటే ఎక్కువగా వినిపిస్తోంది. దాని మీద ప్లాన్ కట్టుకోవద్దు. పట్టాల పక్కన నిలబడి చూస్తే కూడా సంతోషంగానే ఉంటుంది, ఊపిరితిత్తుల్లో ఇనుప ధూళి చేరదు.

ఎప్పుడు, ఏ కాగితాలతో

నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లండి. ఎడారి లోపల రాత్రుళ్లు గడ్డకట్టే చలి ఉంటుంది, స్వెట్టర్ మరవకండి. మే నుంచి సెప్టెంబర్ దాకా లోపలి ప్రాంతాల్లో 45 డిగ్రీలు దాటుతుంది. ఇప్పుడు రంజాన్ కూడా చలికాలం చివర్లోనే పడుతోంది. ఆ నెలలో పగలు హోటళ్లు మూసి ఉంటాయి, బోర్డర్ పనులు నెమ్మదిస్తాయి.

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు వీసాల్లో ఒక చిక్కు గమనించాలి. అమెరికా, బ్రిటన్, షెంగెన్ వీసాగానీ రెసిడెన్స్ కార్డుగానీ ఉంటే మొరాకో ఈ-వీసా తేలిక. కానీ అది ఒక్కసారి ప్రవేశానికే. గెర్‌గెరాత్‌లో మొరాకో నుంచి బయటికి స్టాంపు పడ్డాక, అవతల మౌరిటేనియా వాళ్లు వద్దంటే? వెనక్కి వెళ్లడానికి మీ దగ్గర వీసా లేదు. అందుకే మౌరిటేనియా ఈ-వీసా అనుమతి ప్రింట్ చేతిలో లేకుండా మొరాకో ఎగ్జిట్ స్టాంపు వేయించుకోవద్దు. షెంగెన్ టూరిస్టు వీసా మీద యూరప్ వచ్చి అటునుంచి మొరాకో దాటేవాళ్లకూ ఇదే లెక్క, సింగిల్ ఎంట్రీ అయితే తిరిగి స్పెయిన్‌లో అడుగుపెట్టలేరు. సెనెగల్ రాజధాని డాకర్ నుంచి నేరుగా ఇంటికి టికెట్ తీసుకోవడం అందరికంటే తెలివైన పని.

బండి నడిపేవాళ్లకు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. ఆర్టీవో ఆఫీసులో ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. డ్రోన్ ఇంట్లో పెట్టేయండి, మొరాకో రేవులోనే తీసేసుకుంటారు. యూరప్‌లో ఉండేవాళ్లు ఎడారి కోసం శాటిలైట్ మెసేజ్ పరికరం కొంటారు, మంచి పనే. కానీ తర్వాత అదే బ్యాగుతో ఇండియాకు రాకండి. మన దేశంలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, మెసెంజర్లు ఉంచుకోవడం నేరం, ఎయిర్‌పోర్టుల్లో విదేశీ ట్రెక్కర్లను కూడా పట్టుకున్నారు.

ఎల్లో ఫీవర్ టీకా సంగతి బోర్డర్ల గురించి చదివేటప్పుడు ఎవరికీ గుర్తుండదు. మౌరిటేనియా, సెనెగల్ రెండూ భారత ప్రభుత్వం ఎల్లో ఫీవర్ దేశాల జాబితాలో ఉన్నాయి. టీకా వేయించుకున్న పది రోజులకు సర్టిఫికెట్ చెల్లుబాటవుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, ముందే తేదీ కనుక్కుని వెళ్లండి. ఆ సర్టిఫికెట్ ఉండే పసుపు పుస్తకం లేకుండా డాకర్ నుంచి వచ్చి శంషాబాద్‌లో దిగితే, ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచే అధికారం అక్కడి ఆరోగ్య అధికారులకు ఉంది.